ట్రెయిలర్ తగిలిస్తేనే జారే క్లచ్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి అందిన ఉత్తరాలలో అయిదు క్లచ్ గురించినవే, అందులోనూ బరువులు లాగే బండ్ల క్లచ్ గురించినవే కావడం వల్ల వాటన్నిటికీ ఒకేచోట జవాబులు ఇస్తున్నాను. మొదటి ఉత్తరానికి ఇచ్చిన జవాబు కాస్త పొడవైనది. మిగిలిన వాటిలో చాలా సంగతులకు దానిలోని లెక్కే ఆధారం కనుక దానిని ముందు చదవవలసిందిగా కోరుతున్నాను.

ప్రశ్న: నా దగ్గర టర్బో డీజిల్ ఇంజిన్, అయిదు గేర్లు ఉన్న పికప్ బండి ఉంది. దాని బరువు సుమారు రెండు టన్నులు. నెలకు మూడు నాలుగు సార్లు రెండు ఇరుసుల ట్రెయిలర్ తగిలించి ఇంచుమించు అంతే బరువు లాగుతాను. ఖాళీగా నడిపినప్పుడు బండిలో ఏ లోపమూ కనిపించదు. ట్రెయిలర్‌తో ఎత్తు ఎక్కుతున్నప్పుడు మాత్రం నాలుగో గేరులో ఆక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ఇంజిన్ చప్పుడు ఒక్కసారిగా పెరుగుతుంది, బండి వేగం పెరగదు. కాలు కొంచెం తీస్తే సర్దుకుంటుంది. ఒకసారి కాలిన వాసన కూడా వచ్చింది. ఒక మెకానిక్ క్లచ్ పోయిందని, గేర్‌బాక్స్ దించాలని అన్నారు. మరొకరు చేతి బ్రేకు లాగి, నాలుగో గేరు వేసి, క్లచ్ వదిలి చూశారు. ఇంజిన్ వెంటనే ఆగిపోయింది కనుక క్లచ్ బాగానే ఉందని, టర్బో చూపించుకోమని చెప్పారు. ఎవరి మాట వినాలి?

జవాబు: రోగం విషయంలో మొదటి మెకానిక్ మాటే నిజమయ్యే అవకాశం ఎక్కువ. అయితే గేర్‌బాక్స్ దించడానికి ముందు చూడవలసినవి కొన్ని ఉన్నాయి, వాటిని తరువాత చెబుతాను. రెండో మెకానిక్ చేసిన పరీక్షలో తప్పు లేదు. దాని నుంచి ఆయన తీసిన అర్థమే తప్పు.

క్లచ్ అంటే, ఇంజిన్‌తో తిరిగే బరువైన ఫ్లైవీల్ చక్రానికి గేర్‌బాక్స్‌ను తిప్పే ప్లేటును ప్రెజర్ ప్లేటు స్ప్రింగు బలంతో నొక్కి పట్టే ఏర్పాటు. పెడల్ తొక్కితే రిలీజ్ బేరింగ్ ప్రెజర్ ప్లేటు వేళ్లను నెట్టి ఆ పట్టు విడిపిస్తుంది. క్లచ్ పూర్తిగా పట్టి ఉన్నంతసేపు ఇంజిన్‌కూ చక్రాలకూ మధ్య ఉన్నవన్నీ పళ్లచక్రాలూ ఇనుప కడ్డీలే. అందువల్ల ఒక గేరులో ఇంజిన్ ఇన్ని చుట్లు తిరిగితే బండి ఇంత వేగంతో పోవాలన్న లెక్క ఎన్నడూ మారదు. ఉదాహరణకు మీ బండి నాలుగో గేరులో 1600 ఆర్‌పీఎమ్ (నిమిషానికి చుట్లు) దగ్గర గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతోందనుకుందాం. అప్పుడు 2000 దగ్గర 75, 2400 దగ్గర 90 చూపించి తీరాలి. ఎత్తయినా పల్లమైనా, ట్రెయిలర్ ఉన్నా లేకపోయినా, ఇంజిన్‌లో బలం ఉన్నా లేకపోయినా ఈ లెక్క ఇంతే. ముల్లు 2400 చూపుతుండగా వేగం 75 దగ్గరే నిలిచిపోతే, ఆ తేడా అయిన 400 చుట్లు క్లచ్ ప్లేటు దగ్గరే జారిపోతున్నాయన్నమాట.

టర్బో అనుమానాన్ని తేల్చేది కూడా ఇదే. ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే టర్బో సరిగా పనిచేయకపోతే, ఇంధనం చాలకపోతే, గాలి ఫిల్టర్ మూసుకుపోతే బండి లాగదు. కానీ అప్పుడు ఇంజిన్ వేగమూ బండి వేగమూ రెండూ కలిసే పడిపోతాయి, వాటి మధ్య లెక్క చెడదు. మీరు రాసినది దీనికి విరుద్ధం, ఇంజిన్ లేచింది కాని బండి లేవలేదు. బలహీనపడిన టర్బో జారే క్లచ్‌ను కొంతకాలం దాచిపెట్టగలదు కూడా. ఇంజిన్ తన పూర్తి బలం ఇవ్వనప్పుడు క్లచ్‌కు పరీక్షే ఉండదు. అటువంటి బండికి టర్బో బాగుచేయించిన మరునాడే క్లచ్ జారడం మొదలుపెడితే యజమాని మెకానిక్‌ను నిందిస్తాడు, పాపం ఆయన తప్పేమీ ఉండదు.

ఇక ఆగి ఉన్న బండిలో చేసిన పరీక్ష సంగతి. ఐడిల్‌లోనో (ఆక్సిలరేటర్ తొక్కనప్పటి వేగంలోనో), దానికి కొంచెం పైననో తిరుగుతున్న డీజిల్ ఇంజిన్‌కు టర్బో ఒత్తిడి ఉండదు, దాని తిప్పుడు బలం పూర్తి బలంలో చిన్న భాగం మాత్రమే. ఆ కొద్ది బలాన్ని ఆపి ఇంజిన్‌ను నిలిపివేయడం సగం అరిగిన క్లచ్‌కు కూడా కష్టం కాదు. కాబట్టి ఈ పరీక్షలో ఇంజిన్ ఆగకుండా తిరుగుతూనే ఉంటే క్లచ్ పోయినట్టే లెక్క, ఆగిపోతే మాత్రం క్లచ్ బాగున్నట్టు కాదు. బరువులు లాగని బండికి ఇది కొంతవరకు పనికొస్తుంది. మీ బండికి చాలదు.

చేయవలసిన పరీక్ష రోడ్డు మీద ఉంది. ట్రెయిలర్ విప్పేయండి. ఇంజిన్ బాగా వేడెక్కాక, వాహనాలు లేని, స్వల్పంగా ఎత్తున్న తిన్నని రోడ్డు మీద నాలుగో గేరులో 1500 నుంచి 1600 ఆర్‌పీఎమ్ మధ్య నిలకడగా వెళ్లి, ఒక్కసారిగా ఆక్సిలరేటర్‌ను చివరి వరకు తొక్కి నాలుగైదు సెకన్లు ఉంచండి. ముళ్లను చూసే పని పక్కన కూర్చున్నవారికి అప్పగించండి, మీరు రోడ్డు చూడాలి. రెండు ముళ్లూ కలిసి నెమ్మదిగా పైకి పోతే క్లచ్ పట్టి ఉన్నట్టు. టర్బో ఒత్తిడి అందుకునే సమయానికి, అంటే చాలా డీజిళ్లలో 1800 నుంచి 2500 మధ్య, ఇంజిన్ ముల్లు ఒక్కసారి ఎగిరి వేగం ముల్లు వెనకబడితే రోగం ఖాయం. పెద్ద గేరు ఎందుకంటే, చిన్న గేర్లలో ఇంజిన్ ఆ బలమైన పరిధిని రెండు సెకన్లలో దాటిపోతుంది, పైగా దాని బలంలో కొంత తన బరువైన ఫ్లైవీల్‌ను వేగంగా తిప్పుకోవడానికే ఖర్చవుతుంది. పెద్ద గేరులో ఇంజిన్ గరిష్ఠ బలం దగ్గర చాలాసేపు నిలబడవలసి వస్తుంది, క్లచ్ దాక్కోవడానికి చోటుండదు. ఈ పరీక్షను రెండుసార్లకు మించి చేయకండి. జారిన ప్రతిసారీ ప్లేటులో మిగిలినది కొంత పోతుంది.

ఎంత పోతుందో తెలియడానికి ఒక లెక్క చెబుతాను. ఇంజిన్ 300 న్యూటన్ మీటర్ల బలంతో లాగుతూ క్లచ్ 400 చుట్ల తేడాతో జారుతుంటే, అక్కడ పుట్టే వేడి సుమారు పన్నెండున్నర కిలోవాట్లు. ఒక కిలోవాటు నీళ్ల హీటర్లు పన్నెండింటిని భోజనపు పళ్లెమంత బిళ్ల మీద ఒకేసారి వెలిగించినట్టు. వేడెక్కిన కొద్దీ ప్లేటు పట్టు తగ్గుతుంది, పట్టు తగ్గిన కొద్దీ ఎక్కువ జారుతుంది, జారిన కొద్దీ ఇంకా వేడెక్కుతుంది. మీకు వచ్చిన కాలిన వాసన ఆ వలయం మొదలైనప్పటిదే. కాలు తీయగానే సర్దుకోవడం వల్ల ఆ రోజుకు ప్లేటు బతికింది.

ఖాళీ బండిలో ఇది కనిపించకపోవడానికి కారణం బరువు నేరుగా కాదు. క్లచ్‌కు వెనక ఎంత బరువు ఉందో తెలియదు, ఇంజిన్ తనకు ఎంత బలం అందిస్తోందో అంతే తెలుసు. ఖాళీ బండిని ఎవరూ నిమిషాల తరబడి పూర్తి ఆక్సిలరేటర్‌తో నడపరు. ట్రెయిలర్ ఉన్నప్పుడు ఎత్తు పొడవునా అలాగే నడపవలసి వస్తుంది. పైగా కొత్త క్లచ్‌కు ఇంజిన్ గరిష్ఠ బలం కంటే 20 నుంచి 50 శాతం దాకా అదనపు పట్టు ఉండేలా తయారీదారులు చూస్తారు. ఆ మిగులు తరుగుతున్నంతకాలం ఏమీ తెలియదు. అది సున్నాకు చేరిన రోజున మొదట బయటపడేది ట్రెయిలర్‌తో ఎక్కే ఎత్తు మీదే. డయాఫ్రం స్ప్రింగు (పళ్లెం ఆకారపు స్ప్రింగు) ఉన్న ప్రెజర్ ప్లేటులో ఇంకొక సంగతి కూడా ఉంది. ప్లేటు అరుగుతున్న కొద్దీ స్ప్రింగు నొక్కుడు మొదట కొంచెం పెరిగి, చివరి దశలోనే తగ్గుతుంది. ఏళ్ల తరబడి బాగున్న క్లచ్ రెండు నెలల్లో ఎందుకు పాడైందని ఆశ్చర్యపడేవారికి జవాబు ఇదే.

క్లచ్ జారుతోందని తేలాక ఎందుకు జారుతోందన్నది వేరే ప్రశ్న. దీనికి జవాబు దొరకకుండా గేర్‌బాక్స్ దించితే, కొత్త ప్లేటు కూడా పాతదాని దారే పట్టవచ్చు. మీ బండిది కేబుల్ క్లచ్ అయితే మొదట పెడల్ ఫ్రీ ప్లే చూడండి. పెడల్‌ను వేలితో నొక్కితే బరువు తగిలేలోగా అది వదులుగా కదిలే దూరమే ఫ్రీ ప్లే. చాలా బండ్లలో ఇది 15 నుంచి 25 మిల్లీమీటర్లు ఉంటుంది, మీ బండికి ఎంతో యజమాని పుస్తకంలో చూసుకోండి. ప్లేటు అరిగిన కొద్దీ ప్రెజర్ ప్లేటు వేళ్లు రిలీజ్ బేరింగ్ వైపు వస్తాయి, ఫ్రీ ప్లే తగ్గుతుంది. సర్దకుండా వదిలేస్తే ఒక రోజున అది పూర్తిగా పోయి, మీరు పెడల్ ముట్టకపోయినా బేరింగ్ ఆ వేళ్లను నొక్కుతూనే ఉంటుంది. అంటే బండి ఎల్లప్పుడూ హాఫ్ క్లచ్‌లో నడుస్తున్నట్టే. ప్లేటు గాజులా నున్నబడకముందే పట్టుకుంటే ఇది అరగంట పని. ఫ్రీ ప్లే సర్దాక రోడ్డు పరీక్ష మళ్లీ చేయండి. జారడం ఆగిపోతే గేర్‌బాక్స్ దించే పని తప్పింది. పెడల్ బలాన్ని ద్రవం ద్వారా పంపే హైడ్రాలిక్ క్లచ్ అయితే కింది రెండో ఉత్తరం చూడండి.

తరువాత బండి కిందికి వెళ్లి, ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య ఉన్న బెల్ హౌసింగ్ అడుగున తడి ఉందేమో చూడండి. నల్లగా, జిడ్డుగా ఉంటే అది ఇంజిన్ ఆయిల్, క్రాంక్ షాఫ్ట్ వెనక సీల్ కారుతోంది. చిక్కగా, గంధకపు వాసనతో ఉంటే గేర్ ఆయిల్. నీళ్లలా పలచగా ఉంటే క్లచ్ ద్రవం. మూడింటిలో ఏది తాకినా ప్లేటు పట్టు పోతుంది. పెట్రోలుతోనో కిరోసిన్‌తోనో కడిగి మళ్లీ బిగించడం నేను చాలాచోట్ల చూశాను. ప్లేటు పీల్చుకున్న ఆయిల్ వేడెక్కగానే మళ్లీ పైకి వస్తుంది కనుక అది రెండు వారాల ముచ్చట మాత్రమే. ప్లేటూ సీలూ రెండూ మార్చాలి.

వాసన గురించి ఒక హెచ్చరిక. కాలిన క్లచ్ వాసనకూ, పట్టేసిన బ్రేకు వాసనకూ తేడా చెప్పడం అనుభవం ఉన్నవారికి కూడా కష్టమే. ఈసారి వాసన వస్తే దిగి ట్రెయిలర్ చక్రాల దగ్గరకు వెళ్లి, హబ్‌లకు చేయి తగలనీయకుండా దగ్గరగా పెట్టి చూడండి. నాలుగింటిలో ఒకటి మిగిలిన వాటి కంటే బాగా వేడిగా ఉంటే అక్కడ బ్రేకు పట్టేసి ఉంది. అది క్లచ్‌కు కూడా శత్రువే. ఇంజిన్ అనవసరంగా మోస్తున్న ఆ భారమే క్లచ్‌ను అంచుకు నెట్టి ఉండవచ్చు.

ఇవన్నీ చూశాక కూడా కారణం పైకి కనిపించకపోతే గేర్‌బాక్స్ దించక తప్పదు. దించిన రోజున మీరు అక్కడ ఉండి పాత ప్లేటును చేతిలోకి తీసుకుని చూడండి. లైనింగ్ (ప్లేటు మీది రాపిడి పొర) రెండు వైపులా సమంగా అరిగి రివెట్ల తలలకు 0.3 మిల్లీమీటర్ల లోపుకు వచ్చి ఉంటే అది వయసు తీరిన ప్లేటు. మందం చాలినంత ఉండి పైభాగం గాజులా మెరుస్తుంటే అది వేడికి చచ్చిన ప్లేటు, అప్పుడు నడిపే పద్ధతిని కూడా ప్రశ్నించుకోవాలి. ఆయిల్ మరకలు ఉంటే సీల్ సంగతి. ఫ్లైవీల్ ముఖం మీద నీలి మచ్చలు, వెంట్రుకవాసి పగుళ్లు ఉన్నాయేమో చూడండి. మచ్చలైతే కొలత లోపల ఉన్నంతవరకు లేత్ మీద సాపు చేయవచ్చు, లోతైన పగుళ్లుంటే మార్చాలి. ప్లేటు, ప్రెజర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ మూడూ కలిపి మార్చడం మంచిది. శ్రమంతా దించి ఎక్కించడంలోనే ఉంటుంది కనుక ఒక బేరింగ్ దగ్గర పొదుపు చేసి మళ్లీ అదే పని చేయించుకోవడం తెలివైన లెక్క కాదు.

అప్పటివరకు ట్రెయిలర్ తగిలించకండి. దారి మధ్యలో చిక్కుకుంటే మాత్రం ఒక ఉపాయం ఉంది. సురక్షితమైన చోట ఆపి, అరగంట చల్లారనిచ్చి, పెద్ద గేరు జోలికి పోకుండా రెండో గేరులోనో మూడో గేరులోనో ఇంజిన్ వేగంగా తిరిగేలా, ఆక్సిలరేటర్ తక్కువగా తొక్కుతూ పొండి. అదే ఎత్తును అదే వేగంతో ఎక్కడానికి చిన్న గేరులో ఇంజిన్ ఎక్కువ చుట్లు తిరుగుతుంది కనుక ఒక్కో చుట్టుకు తక్కువ బలం చాలుతుంది. క్లచ్ మీద పడేది ఆ తక్కువ బలమే.

ప్రశ్న: మా బండికి నాలుగు నెలల కిందటే క్లచ్ మొత్తం మార్పించాను. అప్పటి నుంచి పొద్దున బాగానే ఉంటుంది. ట్రెయిలర్‌తో గంటసేపు నడిపాక క్లచ్ జారడం మొదలవుతుంది, పెడల్ పైనే గట్టిగా పట్టుకుంటుంది. రాత్రంతా ఆపి ఉంచితే మరునాడు మళ్లీ మామూలే. హైడ్రాలిక్ క్లచ్. కొత్త ప్లేటే నాసిరకమని అమ్మినవారితో గొడవ పెట్టుకున్నాను. నేను చేసినది సరైనదేనా?

జవాబు: గొడవను కొన్నాళ్లు వాయిదా వేయండి. చల్లగా ఉన్నప్పుడు పట్టి, వేడెక్కాక జారి, పెడల్ పైనే బిగుసుకుంటుంటే నా మొదటి అనుమానం ప్లేటు మీద కాదు, క్లచ్ ద్రవం వెనక్కి పోవలసిన దారి మీద.

పెడల్ తొక్కితే ద్రవాన్ని గొట్టంలోకి నెట్టే మాస్టర్ సిలిండర్‌లో ఒక సన్నని రంధ్రం ఉంటుంది. పెడల్ పూర్తిగా పైకి వచ్చినప్పుడు ఆ రంధ్రం తెరుచుకుని, గొట్టంలోని ద్రవానికీ పైనున్న డబ్బాకూ సంబంధం కలుపుతుంది. ఇంజిన్ వేడికి గొట్టంలోని ద్రవం వ్యాకోచించినా ఆ రంధ్రం గుండా డబ్బాలోకి పోతుంది కనుక ఇబ్బంది ఉండదు. పెడల్ నుంచి పిస్టన్‌ను నెట్టే కడ్డీకి ఉండవలసిన స్వల్పమైన ఖాళీని ఎవరైనా బిగించి తీసేసినా, తగని ద్రవం పోయడం వల్ల రబ్బరు సీలు ఉబ్బినా, ఆ రంధ్రం మూసుకునే ఉండిపోతుంది. అప్పుడు వ్యాకోచించిన ద్రవానికి పోయే దారి లేక, అది గేర్‌బాక్స్ దగ్గరున్న స్లేవ్ సిలిండర్‌ను నెడుతుంది, స్లేవ్ బేరింగ్‌ను నెడుతుంది, ఎవరూ తొక్కని క్లచ్ తనంతట తాను కొంత విడిపోతుంది. చల్లారితే ద్రవం ముడుచుకుని అంతా సర్దుకుంటుంది. మీ ఉత్తరంలోని ప్రతి లక్షణమూ దీనికి సరిపోతోంది.

పనిముట్లు తీయడానికి ముందు పెడల్ పూర్తిగా పైకి వస్తోందో లేదో చూడండి. ముడత పడిన ఫ్లోర్ మ్యాట్ ఒకటి పెడల్‌ను అర అంగుళం కిందనే ఆపి, ఇదే రోగాన్ని తెచ్చిన సందర్భం నాకు తెలుసు. అది కాకపోతే, క్లచ్ జారుతున్న వేళ బండిని చదునైన చోట ఆపి, ఇంజిన్ కట్టేసి, చక్రాలకు అడ్డు పెట్టి, స్లేవ్ దగ్గర ద్రవాన్నీ గాలినీ బయటికి వదిలే బ్లీడ్ నిపుల్‌ను మెకానిక్ చేత పావు చుట్టు వదులు చేయించండి. కంటి అద్దాలు తప్పనిసరి, పైగా ఈ ద్రవం పెయింటును తినేస్తుంది. పెడల్ ఎవరూ తొక్కకుండానే ద్రవం చిమ్మి, నిపుల్ మూసి నడిపినప్పుడు క్లచ్ గట్టిగా పట్టితే సంగతి తేలినట్టే. రోగం మాస్టర్‌లో ఉందా, లోపల ఉబ్బిన రబ్బరు గొట్టంలో ఉందా అని తేల్చడానికి మరోసారి జారినప్పుడు నిపుల్ బదులు మాస్టర్ దగ్గరున్న గొట్టపు బిగింపును వదులు చేయించండి. అక్కడ వదలగానే ఒత్తిడి పోతే మాస్టర్‌ది తప్పు. అక్కడ పోకుండా నిపుల్ దగ్గరే పోతే గొట్టానిది. ఆ తరువాత గాలి తీయించి, డబ్బా మీద రాసి ఉన్న రకం ద్రవాన్నే పోయించండి.

ఇందులో ఒక చేదు నిజం కూడా ఉంది. నాలుగు నెలలుగా జారుతున్న మీ కొత్త ప్లేటు ఈపాటికి కొంత గాజుబారి ఉండవచ్చు. కారణం తొలగించాక కూడా మొదటి జవాబులో చెప్పిన రోడ్డు పరీక్షలో అది తప్పితే, దానిని మార్చక తప్పదు. అప్పుడు కూడా తప్పు అమ్మినవారిది కాదు.

ప్రశ్న: నాది ఆటోమేటిక్ గేర్ల బండి. ట్రెయిలర్‌తో ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ ఆర్‌పీఎమ్ పెరుగుతుంది కానీ వేగం పెరగదు. ఇది కూడా క్లచ్ జారడమేనా?

జవాబు: కాకపోవచ్చు. టార్క్ కన్వర్టర్ ఉన్న ఆటోమేటిక్‌లో ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య బంధం ద్రవంతోనే, అందులో కొంత జారుడు సహజం. నిలకడ వేగంలో లోపలి లాకప్ క్లచ్ రెంటినీ గట్టిగా కలుపుతుంది. ఎత్తు మీద భారం పెరగగానే కంప్యూటర్ దానిని వదిలేస్తుంది, ఆర్‌పీఎమ్ కొన్ని వందలు ఎగురుతుంది. ఇది లోపం కాదు. గేరు మారే మధ్యలో ఇంజిన్ ఒక్క క్షణం అదుపు తప్పినట్టు అరవడం, డీ లో వేశాక కదలడానికి ఆలస్యం కావడం, ద్రవం ముదురు గోధుమ రంగుకు తిరిగి మాడిన వాసన రావడం వంటివి ఉంటే మాత్రం ఆలస్యం చేయకండి. లాకప్ మాటిమాటికీ పట్టి వదులుతుంటే గేరును ఒక మెట్టు తగ్గించి అక్కడే ఉంచండి, ద్రవం చల్లగా ఉంటుంది.

ప్రశ్న: పడవను నీళ్లలో నుంచి వాలు మీదికి లాగేటప్పుడు, ట్రెయిలర్‌ను వెనక్కి నడిపి ఎత్తైన చోట పెట్టేటప్పుడు ప్రతిసారీ క్లచ్ వాసన వస్తోంది. రోడ్డు మీద మాత్రం ఎన్నడూ జారలేదు. ఇంజిన్ ఆగిపోతుందేమోనన్న భయంతో రేస్ చేసి, క్లచ్ నెమ్మదిగా వదులుతాను. క్లచ్ మార్చాలా?

జవాబు: క్లచ్ కాదు, ఆ భయాన్ని మార్చాలి. బండి కదిలేటప్పుడు క్లచ్ కొంత జారి తీరుతుంది, అది దాని పని. ఎంత జారాలన్నది మీ చేతిలో, నిజానికి మీ ఎడమ కాలిలో ఉంది.

చదును నేల మీద ఇంజిన్‌ను ఒకే వేగంలో ఉంచి క్లచ్ వదిలితే, ఆ ఒక్క కదలికలో క్లచ్ మింగే వేడి, బండీ ట్రెయిలరూ కలిసి అందుకున్న గతిశక్తితో దాదాపు సమానం. మొత్తం బరువు నాలుగు టన్నులనుకుని, మొదటి గేరులో 1200 ఆర్‌పీఎమ్ దగ్గర గంటకు 11 కిలోమీటర్ల వేగంలో క్లచ్ పూర్తిగా పట్టిందంటే ఆ వేడి సుమారు 20 కిలోజౌళ్లు. అదే పని 2400 దగ్గర చేస్తే వేగం రెట్టింపు, వేడి నాలుగింతలు. రెండో గేరులో బయలుదేరినా ఫలితం దాదాపు ఇంతే. ట్రెయిలర్ బరువు ఆ వేడిని రెట్టింపు చేస్తే, రేస్ చేసే అలవాటు దానిని మళ్లీ నాలుగు రెట్లు చేస్తోంది. వాలు మీద బరువును ఎత్తవలసిన భారం దీనికి అదనం. అన్నిటికంటే హానికరమైనది బండిని వాలు మీద బ్రేకుతో కాక హాఫ్ క్లచ్‌తో నిలబెట్టి ఉంచడం, అప్పుడు బండి అంగుళమైనా కదలకుండానే ప్లేటు కాలిపోతుంది.

చేతి బ్రేకు మీద నిలబెట్టండి. ఇంజిన్‌ను ఐడిల్ కంటే కొద్దిగా మాత్రమే పెంచి, క్లచ్ పట్టు తగిలేదాకా వదిలి, బండి ముందుభాగం కొద్దిగా లేచినట్టు అనిపించగానే చేతి బ్రేకు వదిలి, క్లచ్‌ను ఒకటి రెండు సెకన్లలో పూర్తిగా వదిలేయండి. ఫోర్ వీల్ డ్రైవ్‌లో లో రేంజ్ ఉంటే వాలు మీద అదే వాడండి. గేరు నిష్పత్తి రెట్టింపు కావడం వల్ల బండి నడక వేగంతో పోతుంది, క్లచ్ దాదాపు వెంటనే పట్టేస్తుంది. గట్టి పొడి నేల మీద మాత్రం, ముందు, వెనక ఇరుసులను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే మధ్య డిఫరెన్షియల్ లేని బండ్లలో, ఫోర్ వీల్‌లో పదునైన మలుపులు తిప్పకండి. వెనక్కి నడిపేటప్పుడు, మీది ట్రెయిలర్ ముందుకు వచ్చి బండిని నెట్టినప్పుడు పనిచేసే ఓవర్‌రన్ బ్రేకులున్న ట్రెయిలర్ అయితే, పాత రకాల్లో వెనక్కి నెట్టగానే అవి పట్టేస్తాయి. బ్రేకులను ఎదిరించి నెట్టడం క్లచ్‌కు నేరుగా చిత్రవధ. వెనక్కి నడిపే ముందు బ్రేకు పని చేయకుండా ఆపే ఏర్పాటు ట్రెయిలర్ మీద ఉందేమో చూడండి.

తడి వాలు మీద ఇంజిన్ అరిచినా బండి కదలకపోతే క్లచ్‌ను అనుమానించే ముందు చక్రాలు చూడండి. చక్రాలు తిరుగుతుంటే చాలా బండ్లలో స్పీడోమీటర్ ముల్లు కూడా లేస్తుంది. క్లచ్ జారితే లేవదు.

ఇక మీ ట్రెయిలర్ బరువు తయారీదారు చెప్పిన పరిమితిలో ఉందో లేదో కూడా తూకం వేయించి చూసుకోండి. ఐరోపా నిబంధనల ప్రకారం లాగగలిగిన బరువును ప్రకటించాలంటే, ఆ బరువుతో బండి 12 శాతం వాలు మీద అయిదు నిమిషాల్లో అయిదుసార్లు ఆగి కదలగలగాలి. ఆ సంఖ్య వెనక క్లచ్ పరీక్ష కూడా ఉందన్నమాట. పడవ బరువుకు ఇంజిన్, ఇంధనం, సామాను, అడుగున నిలిచిన నీళ్లు కలిపితే పరిమితిని దాటిపోవడం చాలా తేలిక.

ప్రశ్న: ఇంజిన్ కంప్యూటర్‌లో మార్పులు చేయించి బలం పెంచుకున్నాను. ట్రెయిలర్ లేకపోయినా క్లచ్ అప్పుడప్పుడు జారుతోంది. హెవీ డ్యూటీ క్లచ్ వేయించుకోవడం మంచిదేనా?

జవాబు: మార్పుల తరువాత ఇంజిన్ గరిష్ఠ బలం ఎంతో ముందు రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. పాత క్లచ్‌కు 20 శాతం మిగులు మాత్రమే ఉండి, మీరు పెంచినది 30 శాతమైతే, కొత్త ప్లేటు వేసినా అదే కథ. మీది డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ (రెండు భాగాల మధ్య స్ప్రింగులున్న ఫ్లైవీల్) అయితే అది కూడా ఆ అదనపు బలాన్ని మోయాలి. ఇంజిన్ ఆపేటప్పుడు టకటక చప్పుడు, కదిలేటప్పుడు వణుకు ఉంటే దాని లోపలి స్ప్రింగులను కూడా పరీక్షించమనండి. హెవీ డ్యూటీ సెట్లలో స్ప్రింగు గట్టిగా ఉండేవి కాలికి బరువు. లోహపు దిమ్మెలు అతికినవి వేడికి తట్టుకుంటాయి కానీ మెత్తగా పట్టవు, ట్రెయిలర్‌ను అంగుళం అంగుళం వెనక్కి నడిపేవారికి అవి నరకం. నన్నడిగితే లాగడానికి వాడే బండికి మెత్తని లైనింగ్‌తోనే ఎక్కువ నొక్కుడు ఉన్న సెట్టు మేలు, లేదా ఇంజిన్‌ను పాత బలానికే తిప్పేయడం ఇంకా మేలు. ఏది వేయించినా మొదటి 500 నుంచి 800 కిలోమీటర్లు ట్రెయిలర్ తగిలించకుండా, ఎక్కువసార్లు ఆగి కదిలే దారుల్లో నెమ్మదిగా నడపండి. ప్లేటూ ఫ్లైవీలూ ఒకదానికొకటి పూర్తిగా ఆనడానికి ఆ మాత్రం సమయం కావాలి.